ఎనభై ఏడో వంతు వాసన

పేర్రాజు గారి నోటివెంట ఆ ఒక్క మాటా రాకుండా ఉంటే గోరింటపాడు జంక్షన్‌లో ఎవరి ముక్కు వాళ్ల మొహం మీద నిశ్చింతగా ఉండేది. కానీ ప్రాణం మీదికి వచ్చినప్పుడు మనిషి ఏదో ఒకటి అనేస్తాడు. ఆ రోజు పేర్రాజు గారికి వచ్చింది ప్రాణం మీదికి కూడా కాదు, అంతకంటే ముఖ్యమైనదాని మీదికి. ఆయన రైలు మీదికి.

రైలంటే నిజం రైలు కాదు. స్టేషన్ వెనక పాత గూడ్స్ షెడ్డులో రైల్వేవారి ప్రదర్శనశాల ఒకటి ఉంది. అందులో నాలుగు మంచాలు కలిపి వేసినంత బల్ల మీద పేర్రాజు గారు కట్టిన గోరింటపాడు జంక్షన్ ఉంది. అసలు స్టేషన్‌లో ఎనభై ఏడో వంతు కొలత. డివిజన్ ఆఫీసులో నక్షాలు గీసే ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలూ ఆదివారాలూ దానికే ధారపోసి కట్టారు. అది చూసి పైవాళ్లు ఆయన్ని ప్రదర్శనశాలకే వేసేశారు. అగ్గిపుల్లల బెంచీలు, పెంకులు దంచి జల్లించిన కంకర, పూసంత టీ కెటిల్, బొగ్గు ఇంజన్. ఒకటో నెంబరు ప్లాట్‌ఫారం మీద పరుపుచుట్ట హోల్డాల్ భుజానేసుకుని పరిగెత్తే లావుపాటి ప్రయాణికుడొకడు ఉన్నాడు. పాపం ఆయన ఏళ్ల తరబడి పరిగెడుతూనే ఉన్నాడు, రైలు మాత్రం రోజూ ఆయన్ని వదిలేసే పోతోంది. దీన్నెవరైనా బొమ్మరైలు అంటే పేర్రాజు గారికి ఒళ్లు మండుకొచ్చేది. "నమూనా అనండి" అనేవారు. ఆయన భార్య మాణిక్యాంబ గారు మాత్రం ఏనాడూ నమూనా అనలేదు. సాయంత్రం ఆయన ఇంటికి రాగానే "నా సవతి కులాసాయేనా?" అని అడిగి కాఫీ ఇచ్చేది.

అలాంటి రైలుకి ఆపద వచ్చింది. ప్రదర్శనశాలకి వచ్చేవాళ్లు ఎండ తగలకుండా నిలబడటానికి వచ్చేవాళ్లే తప్ప చూడ్డానికి వచ్చేవాళ్లు కాదు. ఈ సంగతి డివిజనల్ మేనేజర్ త్రినాథరావు గారికి తెలిసింది. ఆ షెడ్డు ఖాళీ చేయించి అక్కడ అధికారుల శీతల విశ్రాంతి మందిరం కట్టాలని ఆయనకి ఎప్పటినుంచో కోరిక. ప్లాట్‌ఫారం మీద అధికారులు జనంతో పాటు నిలబడి చెమటలు కక్కడం ఆయన చూడలేకపోతున్నారు. నమూనా ఏమవుతుందని పేర్రాజు గారు అడిగితే, విప్పి స్టోర్సులో పెట్టిస్తామన్నారు. స్టోర్సులోకి వెళ్లిన వస్తువు తిరిగి వెలుగు చూడదని రైల్వేలో అందరికీ తెలుసు.

త్రినాథరావు గారు అప్పుడే ఏదో కొండ మీద శిక్షణ శిబిరానికి వెళ్లొచ్చారు. అక్కడ ఆయనకి అనుభూతి అనే మాట నేర్పారు. వచ్చినప్పటినుంచి ఆయన దృష్టిలో టికెట్ల దగ్గర క్యూ నిరీక్షణానుభూతి, రైలు ఆలస్యం కావడం విస్తృత ప్రయాణానుభూతి. షెడ్డు కొలతలు తీసుకోవడానికి వచ్చి, వెళ్లేముందు మర్యాదకి నమూనా చుట్టూ ఒకసారి తిరిగారు.

"అంతా ఉంది పేర్రాజూ. కానీ స్టేషన్‌కి వచ్చిన అనుభూతి కలగట్లేదు. ఏదో లోపించింది. అదేమిటో చెప్పలేని స్థితిలో ఉన్నాను," అన్నారు.

అధికారి ఏదైనా లోపించిందంటే అదేమిటో కింది ఉద్యోగి చెప్పాలి. పేర్రాజు గారి కళ్ల ముందు స్టోర్సు తలుపు తెరుచుకుంటోంది. నోటికేదొస్తే అది అనేశారు.

"వాసన లేదండి."

త్రినాథరావు గారు ఆగిపోయారు. ఆయన మొహంలో శిబిరం నాటి వెలుగు మళ్లీ వచ్చింది.

"ఘ్రాణానుభూతి," అన్నారు నెమ్మదిగా. "ఏ డివిజన్‌లోనూ లేదు. జనరల్ మేనేజర్ గారి వార్షిక తనిఖీ నాటికి దీనికి యథార్థమైన వాసనలు సమకూర్చండి. అప్పుడు ఈ షెడ్డు విషయం పునఃపరిశీలిద్దాం. సమకూరకపోతే మందిరం పని మొదలవుతుంది."

అలా పేర్రాజు గారి రైలు వాసనకి వేలాడింది.

ఆ రాత్రే మాణిక్యాంబ గారి వంటిల్లు లోకో షెడ్డయింది. ఒక పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే రెండో పొయ్యి మీద పేర్రాజు గారు బొగ్గు ముక్కని మిషను నూనెలో తడిపి కాల్చేవారు. అల్లం టీ మరిగించి దూదికి పట్టించేవారు. మల్లెపూలు నీళ్లలో నానబెట్టేవారు. పెంకు ముక్కని పెనం మీద ఎర్రగా కాల్చి దాని మీద నాలుగు చుక్కలు నీళ్లు చల్లి, ఎండకాలంలో పట్టాల మీద పడ్డ మొదటి వాన వాసన వస్తోందా లేదా అని ముక్కు పెట్టేవారు.

"వంట చేస్తున్నానో ఇంజన్ తోలుతున్నానో తెలీట్లేదు," అంది మాణిక్యాంబ గారు. "నిన్న పులుసు పక్కింటి పాపాయమ్మ గారికిస్తే, ఏ బండిలో వచ్చిందండీ అని అడిగింది."

అలా అన్నా ముక్కు మాత్రం ఆవిడదే. పేర్రాజు గారిది పొడుం పీల్చిన ముక్కు, దాని మీద ఆధారపడటానికి లేదు. బొగ్గు పొగ వాసన ఎన్నిసార్లు చేసినా ఆవిడ పెదవి విరిచేది. చివరికి ఒకరోజు దూదిముక్క ముక్కు దగ్గర పెట్టుకుని పొయ్యి మీది పప్పు సంగతే మర్చిపోయింది. "మావయ్య గారి చొక్కా," అంది. పేర్రాజు గారి నాన్నగారు బొగ్గు ఇంజన్ మీద ఫైర్‌మన్‌గా బొగ్గు వేసేవారు. డ్యూటీ దిగొచ్చి ఆ చొక్కాతోనే కొడుకుని ఎత్తుకునేవారు. పేర్రాజు గారు దూది తీసుకుని వాసన చూశారు. ఆ నమూనా అంతా తను ఎందుకు కట్టాడో ఆయనకి అప్పుడు తెలిసొచ్చింది.

బల్ల కింద చిన్న చిన్న సీసాలు, వాటిలో దూది వత్తులు, పాత కంప్యూటరులోంచి తీసిన బుల్లి ఫ్యాన్లు అమర్చారు. రైలు స్టేషన్‌లోకి వస్తుంటే ముందు బొగ్గు పొగ, ఆగాక టీ, ప్లాట్‌ఫారం మధ్యలో మల్లెపూలు, పార్సిలు ఆఫీసు దగ్గర ఎండుచేపలు, బయల్దేరేటప్పుడు వాన. నాలుగు రోజుల్లో ఈ సంగతి ఊళ్లో పాకిపోయింది. జనం టికెట్టు కొనకపోయినా ప్లాట్‌ఫారం దాటి షెడ్డులోకి రావడం మొదలుపెట్టారు. రిటైరయిన గార్డు ఒకాయన బల్ల పక్కన కళ్లు మూసుకుని నిలబడి, ఆఖరి బండి వెళ్లిపోయే దాకా కదల్లేదు. పేర్రాజు గారు అంత సంతోషంగా ఎన్నడూ లేరు.

ఇంత మంచి పని రైల్వేలో జరిగినప్పుడు దానికి ఒక సంఘం వేయకుండా ఉండటం కుదరదు. ఘ్రాణ ప్రమాణాల స్థాయీ సంఘం ఏర్పడింది. అధ్యక్షులు త్రినాథరావు గారు, శాఖకొక సభ్యుడు, వాసన చూడటానికి పేర్రాజు గారు.

మొదటి సమావేశంలోనే అధ్యక్షులవారు ఒక ప్రాథమిక లోపం కనిపెట్టారు.

"నమూనా కొలత ఎంత?"

"ఎనభై ఏడో వంతండి."

"మరి వాసన?"

"వాసనకి కొలతేమిటండి?" అన్నారు పేర్రాజు గారు.

"వాసన పూర్తి వంతు వస్తోంది," అన్నారు త్రినాథరావు గారు. "స్టేషన్ ఎనభై ఏడో వంతు, ఇంజన్ ఎనభై ఏడో వంతు, టీ వాసన మాత్రం గ్లాసుడు టీ అంత. ఇది సందర్శకుణ్ణి తప్పుదోవ పట్టించడం కాదా? వాసనని కూడా కొలతకి తగ్గించవలసి ఉంటుంది."

వాసనని ఎలా కొలవాలో ఎవరికీ తెలియదు. సంఘం చాలాసేపు ఆలోచించి, ఎనభై ఏడు మంది ఉద్యోగుల్ని బల్ల ముందు వరసగా నిలబెట్టాలనీ, వాళ్లలో సరిగ్గా ఒక్కరికి వాసన తగిలితే కొలత సరిపోయినట్టనీ తీర్మానించింది. ఆఫీసులో పనులాపి అందర్నీ తోలుకొచ్చారు. టీ వాసనకి ఎనభై ఏడు మందీ చేతులెత్తారు, టీ కూడా అడిగారు. నీళ్లు కలిపి, మళ్లీ నీళ్లు కలిపి, సాయంత్రానికి ఒక్క చెయ్యి దగ్గరికి తెచ్చారు. ఆ చెయ్యెత్తినాయన ఒక పూట సెలవు అడగడానికి ఎత్తాడని తరవాత తెలిసింది. అప్పటికే ఫలితం నమోదైపోయింది గనక మార్చడానికి వీల్లేకపోయింది.

రెండో సమావేశంలో శాఖలు నోరు విప్పాయి. వాణిజ్య శాఖ వారు, ప్లాట్‌ఫారం మీద మూడు టీ కొట్లు ఉండగా ఒకే టీ వాసన పెట్టడం పక్షపాతమనీ, మూడు టీలూ కలిపితే అది టీ కాకుండా పోతోందనీ అన్నారు. టీ పోయింది. ప్లాట్‌ఫారం మీద పూలమ్మే వాళ్లకి లైసెన్సు లేదు గనక మల్లెపూల వాసన అనధికార విక్రయం కిందికి వస్తుందన్నారు. మల్లెపూలు పోయాయి. పార్సిలు శాఖ వారు ఎండుచేపల వాసన బయటికి వచ్చిందంటే ప్యాకింగు సరిగా లేనట్టు తామే ఒప్పుకున్నట్టవుతుందన్నారు. ఇంజనీరింగు వారు వర్షం రైల్వే ఆస్తి కాదన్నారు.

ఇక మిగిలింది బొగ్గు. విద్యుత్ శాఖ ఆయన లేచి నిలబడ్డారు.

"డివిజన్‌లో విద్యుదీకరణ పరిపూర్ణమైనట్టు మనం పైకి నివేదించి ఉన్నాం. అటువంటి డివిజన్‌లో బొగ్గు వాసన వస్తోందంటే, విద్యుదీకరణ కాలేదని అర్థం వస్తుంది. శాఖ దీన్ని అంగీకరించే ప్రసక్తి లేదు."

"నమూనాలో ఉన్నది పాత బొగ్గు ఇంజనండి," అన్నారు పేర్రాజు గారు.

"ఇంజన్ ఉండవచ్చు. వాసన ఉండరాదు."

పేర్రాజు గారు ఆ సీసాని చొక్కా జేబులో వేసుకుని కూర్చున్నారు. ఆయనకి ఏడుపొచ్చింది గానీ సంఘంలో ఏడవడానికి ఎజెండాలో చోటు లేదు.

అప్పుడు సంఘం ఇరుకున పడింది. వాసనలన్నీ పోయాయి, తనిఖీ దగ్గరికొచ్చింది. గోరింటపాడు స్టేషన్‌లో ఎవరికీ అభ్యంతరం లేని వాసన ఏదైనా ఉందా అని అధ్యక్షులవారు అడిగారు. ఒకే ఒకటి ఉంది. ఒకటో నెంబరు ప్లాట్‌ఫారం చివర మరుగుదొడ్డి. అక్కడి కొళాయిలో నీళ్లు రాక ఎంత కాలమైందో ఎవరికీ గుర్తు లేదు. ఆ దొడ్డి మాది అని ఏ శాఖా ఎన్నడూ ఒప్పుకోలేదు గనక, దాని వాసన మీద ఏ శాఖా అభ్యంతరం చెప్పలేదు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

ఆ వాసనని పేర్రాజు గారు సీసాలోకి ఎలా ఎక్కించారో రాయడం మర్యాద కాదు. ఆ వారం మాణిక్యాంబ గారు ఆయన్ని పెరటి గుమ్మంలోంచి తప్ప ఇంట్లోకి రానివ్వలేదు. "చొక్కా అక్కడే విప్పండి. మనిషి కూడా కాసేపు అక్కడే ఆరండి," అనేది. ఎనభై ఏడు మందితో పరీక్ష పెట్టారు గానీ, ఎన్ని నీళ్లు కలిపినా వంద చేతులు లేచేలా ఉన్నాయి. సంఘం దీన్ని సహజ గుణంగా పరిగణించి మినహాయింపు ఇచ్చింది. సీసాకి లక్కతో ముద్ర వేసి, త్రినాథరావు గారు చీటీ మీద సంతకం చేసి అంటించారు. ఆమోదం పొందిన వాసన తప్ప మరే వాసనా నమూనాలో ఉండరాదనీ, నమూనాలోని ప్రతి కట్టడానికీ ఆమోదం పొందిన వాసన ఉండవలెననీ, సీసా బల్ల కింద ఉండవలెననీ సర్క్యులర్ కూడా వచ్చింది. దాని కింద కూడా ఆయన సంతకమే.

తనిఖీ రోజున జనరల్ మేనేజర్ గారు వచ్చారు. ఆయనకి మూడు రోజులుగా పడిశం. ముక్కు రెండు వైపులా దిబ్బడేసి ఉంది. సీసా మూత తీయగానే చుట్టూ ఉన్న అధికారులందరూ ఊపిరి బిగబట్టి అటెన్షన్‌లో నిలబడ్డారు. జనరల్ మేనేజర్ గారు మాత్రం నమూనా మీదికి వంగి దీర్ఘంగా పీల్చారు.

"దివ్యంగా ఉంది," అన్నారు. ఆయన గొంతులో అన్ని అక్షరాలూ ముక్కులోంచే వచ్చాయి. "దీన్ని డివిజన్‌కి ప్రమాణ నమూనాగా ప్రకటిస్తున్నాను. ఇకమీదట నమూనాకీ స్టేషన్‌కీ వెంట్రుకవాసి తేడా ఉండడానికి వీల్లేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. షెడ్డు గండం గడిచింది. పేర్రాజు గారి రైలు నిలబడింది. కంపు కొడుతూ నిలబడింది గానీ, నిలబడింది కదా అని ఆయన తనకి తనే సర్ది చెప్పుకున్నారు.

ఆ తరవాత ప్రతి సోమవారం సాదృశ్య పరీక్ష పెట్టారు. పేర్రాజు గారు స్టేషన్‌లో ఒకసారి చూసి, నమూనాలో ఒకసారి చూసి, తేడా లేదని రాయాలి. ఒక్కోసారి పైనుంచి ఆడిటరొకాయన కూడా వచ్చేవాడు. ఆయన మొదటి రోజే ఒక లోపం పట్టుకున్నాడు. హోల్డాల్ మోస్తూ పరిగెత్తే లావుపాటి ప్రయాణికుడు నమూనాలో ఉన్నాడు, స్టేషన్‌లో లేడు. వెంటనే దినకూలీ మీద ఒక లావుపాటి మనిషిని వేశారు. నూకయ్య అని, మంచివాడు. రోజూ పొద్దుటి బండి కదలగానే హోల్డాల్ వేసుకుని దాని వెనక పరిగెత్తడం అతని పని. ఎట్టి పరిస్థితుల్లోనూ అందుకోకూడదని షరతు. కొత్తలో ప్రయాణికులు జాలిపడి చెయ్యి అందించి లోపలికి లాగబోయేవారు. నూకయ్య దణ్ణం పెట్టి వెనక్కి తగ్గేవాడు.

ఇలా జరుగుతుండగా ఒక వారం ఎవరో కేబుల్ కోసం తవ్వుతూ పైపు పగలగొట్టారు. పగిలిన పైపు అతికినప్పుడు పొరపాటున మరుగుదొడ్డి కొళాయికి నీళ్లొచ్చాయి. స్టేషన్ ఊడ్చే పోలమ్మ ఆ నీళ్లు చూసి నమ్మలేకపోయింది. చీర బిగించి, బ్లీచింగు చల్లి, పొద్దు వాలేదాకా కడిగింది. ఆ సాయంత్రం ఒకటో నెంబరు చివర కూర్చున్నవాళ్లు మొదటిసారి కర్చీఫు జేబులో పెట్టుకున్నారు.

సోమవారం పేర్రాజు గారు పరీక్ష చేసి, స్టేషన్‌లో వాసన లేదు, నమూనాలో ఉంది, తేడా ఉన్నది అని సంతోషంగా రాశారు. ఇప్పుడైనా ఆ దిక్కుమాలిన సీసా తీసేస్తారని ఆయన ఆశ. మధ్యాహ్నానికి త్రినాథరావు గారి నుంచి పిలుపు వచ్చింది.

"ప్రామాణిక వాసనకి భంగం కలిగించిన వ్యక్తి ఎవరు?"

"భంగం కాదండి, కడిగారండి. నమూనాలో మార్చేస్తే సరిపోతుంది కదండి. సీసా తీసేస్తాను."

"నమూనాకి జనరల్ మేనేజర్ గారి ఆమోదం ఉంది పేర్రాజూ. స్టేషన్‌కి ఎవరి ఆమోదం ఉంది?"

కొళాయికి బిరడా కొట్టించి, వాసన యథాస్థితికి వచ్చేవరకూ పోలమ్మని పనిలోంచి నిలిపేశారు.

మర్నాడు పోలమ్మ షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. లోపలికి రాలేదు.

"బాబుగారూ, కడగలేదని తిట్టినోళ్లని చూశాను. కడిగేవని పన్లోంచి తీసేసినోళ్లని ఇప్పుడే చూత్తన్నాను," అంది. "మీరేదో కాయితం రాసేరంట గదండీ. నానేటి తప్పు సేసేనో సెప్పండి, మళ్లీ సెయ్యను."

పేర్రాజు గారు తలెత్తలేకపోయారు. ఏదైనా అంటే ప్రమాణ నమూనా హోదా పోతుంది, హోదా పోతే షెడ్డు పోతుంది, షెడ్డు పోతే రైలు స్టోర్సులోకి పోతుంది. ఇదంతా పోలమ్మకి ఎలా చెప్పడం? ఏదో గొణిగి పంపేశారు. ఇంటికెళ్లి అన్నం కలిపి కూర్చున్నారు గానీ ముద్ద దిగలేదు.

మాణిక్యాంబ గారు అంతా విని, "అయితే నా సవతి బతకడానికి పోలమ్మ పొట్ట కొట్టారన్నమాట," అంది.

"నేనేం చెయ్యను మాణిక్యం. స్టేషనే నమూనాలా ఉండాలట. నమూనాలో ఏముంటే స్టేషన్‌లో అది ఉండాలట."

"ఆ నమూనా ఎవరి చేతిలో ఉందండీ?"

"నా చేతిలో."

"అన్నం తినండి మరి," అంది ఆవిడ, మజ్జిగ పోస్తూ.

పేర్రాజు గారు ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు నమలడం మర్చిపోయారు.

మర్నాడు షెడ్డు తలుపులు మూసుకుని పని మొదలుపెట్టారు. గుండుసూది వంచి కొళాయి చేశారు. దాని మూతి దగ్గర జిగురు చుక్క ఆరబెట్టి, నీళ్లు పడుతున్నట్టు చేశారు. మైనంతో పోలమ్మని చేశారు. చేతిలో బ్రష్షు వెంట్రుకల చీపురు పెట్టారు. ఏ రంగు చీర కట్టమంటావని కబురు పెడితే, "ఆకుపచ్చది బాబుగారూ, యూనిఫారం వద్దు" అని పోలమ్మ కబురు చేసింది. ఆకుపచ్చ చీరే కట్టారు. అవన్నీ మరుగుదొడ్డి ముందు అతికించి, చివరగా బల్ల కింద సీసాకి గట్టిగా బిరడా బిగించారు.

ఆ సోమవారం నివేదిక ఇలా ఉంది. నమూనాలో కొళాయి, కొళాయిలో నీళ్లు ఉన్నవి, స్టేషన్‌లో లేవు. నమూనాలో పోలమ్మ ఉన్నది, స్టేషన్‌లో లేదు. వెంట్రుకవాసి కంటే ఎక్కువ తేడా.

కార్యాలయంలో కలకలం రేగింది. ప్రమాణ నమూనాతో విభేదం అంటే జనరల్ మేనేజర్ గారి మాట దాటినట్టు. ఫిట్టరు పరిగెత్తుకొచ్చి బిరడా పీకాడు. పోలమ్మకి, ఆకుపచ్చ చీరలో, చీపురుతో, తక్షణం విధుల్లో హాజరు కావలెనని ఉత్తర్వు వెళ్లింది. త్రినాథరావు గారు స్వయంగా నమూనా దగ్గరికొచ్చి ముక్కు ఎగబీల్చారు.

"వాసన ఏది?"

"సీసా ఉన్నచోటే ఉందండి. ముద్ర కూడా ఉంది చూడండి. సీసా బల్ల కింద ఉండవలెను అని రాశారండి సంఘం వారు. మూత సంగతి రాయలేదండి."

త్రినాథరావు గారు సర్క్యులర్ తెప్పించి రెండుసార్లు చదివారు. మూత సంగతి నిజంగానే లేదు.

అక్కడినుంచి పేర్రాజు గారి షెడ్డు ముందు చెప్పులు విడిచేవాళ్లు ఎక్కువయ్యారు. స్టేషన్ మాస్టరు సున్నుండల డబ్బాతో వచ్చి, రెండో నెంబరు పైకప్పు కారుతోంది, నమూనాలో ఒక రేకు వేయించండి బాబూ అని బతిమాలాడు. పదేళ్లుగా ఉత్తరాలు రాస్తున్నాడట. పేర్రాజు గారు సిగరెట్టు పెట్టె రేకు కత్తిరించి అతికించారు. పదిహేను రోజుల్లో పైకప్పు వచ్చింది. వెయిటింగు హాల్లో ఫ్యాన్లు, వంతెన మీద దీపాలు, ముసలివాళ్లకి వాలుదారి, అన్నీ ముందు బల్ల మీద వచ్చాయి, తరవాత స్టేషన్‌లో వచ్చాయి. ఒకరోజు నూకయ్య రొప్పుతూ వచ్చి మోకాళ్లు చూపించాడు. పేర్రాజు గారు హోల్డాల్ ప్రయాణికుణ్ణి జాగ్రత్తగా ఊడదీసి, మోకాళ్లు వంచి, బెంచీ మీద కూర్చోబెట్టారు. మర్నాటినుంచి నూకయ్య కూర్చున్నచోటే జీతం తీసుకుంటున్నాడు.

ఇదంతా త్రినాథరావు గారు కళ్లారా చూశారు. ఆయనా రైల్వేలో తలపండినవాడే. ఒక సాయంత్రం ఇద్దరు కాంట్రాక్టు మనుషుల చేత గుడ్డ కప్పిన ఒక పెట్టె మోయించుకుని వచ్చారు. గుడ్డ తీస్తే, అట్టతోనూ గాజుతోనూ చేసిన చక్కని భవనం. నీలం అద్దాలు, తలుపు మీద బంగారు అక్షరాలు. అధికారుల శీతల విశ్రాంతి మందిరం. ఎనభై ఏడో వంతు.

"దీన్ని నమూనాలో గూడ్స్ షెడ్డు స్థానంలో ప్రతిష్ఠించండి," అన్నారు ఆయన ప్రసన్నంగా. "సోమవారం నివేదికలో తేడా మీరే రాద్దురు గాని."

పేర్రాజు గారు బల్ల మీది గూడ్స్ షెడ్డు వంక చూశారు. బల్ల మీద ఆ గూడ్స్ షెడ్డు అంటే ఇప్పుడు తాము నిలబడ్డ షెడ్డే. నమూనాలో షెడ్డు పోతే స్టేషన్‌లో షెడ్డు పోతుంది. స్టేషన్‌లో షెడ్డు పోతే నమూనా పోతుంది. తన చేత్తో, తన నివేదికతో, తన రైలుని తనే స్టోర్సుకి పంపాలి. బల్ల మీద బొగ్గు ఇంజన్ స్టేషన్‌లోకి వచ్చి ఆగింది.

తరవాత మందిరాన్ని రెండు చేతులతో అందుకున్నారు.

"అలాగేనండి," అన్నారు. "చాలా బాగుందండి. షెడ్డు తీసేసి అక్కడ పెట్టేస్తాను."

"శుభం."

"ఒక్క చిన్న సంగతండి. నమూనాలో ప్రతి కట్టడానికీ ఆమోదం పొందిన వాసన ఉండాలని సర్క్యులరండి. మీ సంతకమే. ఇప్పటివరకూ కొత్త కట్టడమేదీ రాలేదు గనక అవసరం పడలేదు. కొళాయీ రేకూ వాలుదారీ కట్టడాల కింద రావండి."

"ఏదో ఒకటి పెట్టండి. గంధమో, గులాబో."

"వాటికి సంఘం ఆమోదం లేదండి. ఆమోదం ఉన్నది ఒకటే." పేర్రాజు గారు వంగి, బల్ల కిందనుంచి లక్కముద్ర వేసిన సీసా తీసి, మందిరం గుమ్మం ముందు పెట్టారు. "ఇది పెడితే, రేపు కట్టే మందిరంలో కూడా ఇదే ఉండాలండి. వెంట్రుకవాసి తేడా లేకుండా. ఏసీ గది కనక బయటికి పోయే దారి కూడా ఉండదు."

త్రినాథరావు గారు సీసా వంక చూశారు. చీటీ మీద తన సంతకం వంక చూశారు. కాంట్రాక్టు మనుషులిద్దరూ అప్పటికే గుమ్మం దాటి నిలబడ్డారు.

పేర్రాజు గారు బిరడా మీద వేలు పెట్టి, వినయంగా అడిగారు.

"మూత తీయమంటారా అండీ?"

ఈ విషయం అనుభూతి కోణంలో మరికొంత అధ్యయనం చేయవలసి ఉందని చెప్పి త్రినాథరావు గారు వెళ్లిపోయారు. మందిరాన్ని చంకలో ఆయనే పెట్టుకుని వెళ్లారు, మోసేవాళ్లు దొరక్క. పేర్రాజు గారు సీసాని యథాస్థానంలో పెట్టి తలుపు గడియ వేశారు. చొక్కా జేబులోంచి ఇంకో చిన్న సీసా తీసి, అందులోని దూదిని ఇంజన్ పొగగొట్టం కింద పెట్టి, రైలు వదిలారు. నాన్నగారి చొక్కా ఆయన మొహం మీదనుంచి వెళ్లింది. ఆ వాసన సంగతి సంఘానికి ఇప్పటికీ తెలియదు.